డీవీడీస్టైలర్ రివ్యూ: డిస్కు కట్టే పని ఇవ్వండి, హెచ్‌డీని కుదించే పని మాత్రం వద్దు

1080 హెచ్‌డీ ఫ్రేములో 20,73,600 పిక్సెళ్లుంటాయి. పాల్ (భారత్, యూరప్‌ల టీవీ పద్ధతి) డీవీడీ ఫ్రేము 720×576, అంటే 4,14,720. సరిగ్గా అయిదో వంతు. ఎన్‌టీఎస్‌సీ (అమెరికా, జపాన్‌ల పద్ధతి) అయితే 720×480, సరిగ్గా ఆరో వంతు. ఇంత నష్టం ఖాయం. ఏ సాఫ్ట్‌వేరూ దీన్ని ఆపలేదు, ఆపుతానని చెప్పుకునేదాన్ని నమ్మక్కర్లేదు. అయితే డీవీడీ పెట్టగానే చూసేవాళ్లు మొహం చిట్లించేది పిక్సెళ్లు తగ్గినందుకు కాదు. కదిలే మనిషి అంచులు దువ్వెన పళ్లలా చీలడం, ఎర్రబట్ట వన్నె తగ్గడం, నీళ్ల మీద గళ్లు లేవడం, సగం దాటేసరికి మాట ఒకచోట, పెదాలు ఒకచోట ఉండడం. ఇవన్నీ దించే తీరులో వచ్చే లోపాలు, ఒక్కోదానికి ఒక్కో కారణం ఉంది. మన వీడియోల్ని మెనూతో సహా డీవీడీగా కట్టే డీవీడీస్టైలర్ వీటిలో వేటిని కాచుకుంటుంది, వేటిని మన మీదికి వదిలేస్తుంది అన్నదే ఈ రివ్యూలో చూడబోయేది.

ఇది ఉచితం, ఓపెన్ సోర్స్. విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిలోనూ నడుస్తుంది. లోపల వీడియోని డీవీడీ వాడే ఎంపెగ్-2 రూపంలోకి మార్చేది ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే కమాండ్ లైన్ పనిముట్టు. ప్లేయరుకి అర్థమయ్యే ఐఎఫ్‌ఓ, వీఓబీ ఫైళ్లు కట్టేది డీవీడీఆథర్. పైన కనిపించే కిటికీలు, మెనూ డిజైను డీవీడీస్టైలర్ సొంతం. ఆ సొంత పని మాత్రం చక్కగా చేస్తుంది. టెంప్లేటు ఎంచుకుని, బటన్లు లాగి కావలసిన చోట పెట్టి, వెనక మన ఫొటో వేసుకోవచ్చు. చాప్టర్లు పెట్టొచ్చు. ఒక టైటిలుకి ఒకటికి మించి ఆడియో, సబ్‌టైటిల్ ట్రాకులు జోడించొచ్చు. మెనూ అక్షరాలు మరీ సన్నంగా పెట్టకండి. పాత టీవీల మీద సన్న అడ్డగీతలు మిణుకుమిణుకుమంటాయి, లావు అక్షరాలకి ఆ బాధ లేదు.

కొత్త ప్రాజెక్టు తెరవగానే డిస్కు పేరు, సైజు, బిట్‌రేటు (సెకను వీడియోకి ఎన్ని బిట్లు), పాలా ఎన్‌టీఎస్‌సీనా, 4:3నా 16:9నా, ఆడియో రూపం ఏమిటి అని అడుగుతుంది. మొదటి ఉచ్చు 4:3 దగ్గరే ఉంది. హెచ్‌డీ వీడియో 16:9లో ఉంటుంది. దాన్ని 4:3 చట్రంలో పెడితే పైనా కిందా నల్ల పట్టీలు బొమ్మలో భాగమైపోతాయి, 576 గీతల్లో అసలు బొమ్మకి మిగిలేవి 432. అసలే అయిదో వంతుకి వచ్చినదాంట్లో మళ్లీ పావు వంతు పట్టీలకి ధారపోసినట్టు. 16:9 పెడితే బొమ్మ నిలువుగా 576 గీతలూ వాడుకుంటుంది, వెడల్పుని సాగదీసే పని ప్లేయరూ టీవీ చూసుకుంటాయి.

ఆ కిటికీ అడగని ప్రశ్నలు ఇంకా ముఖ్యం. మీ వీడియో ఇంటర్‌లేస్డా (బేసి గీతలు ఒకసారి, సరి గీతలు ఒకసారి), ప్రోగ్రెసివా (ఫ్రేమంతా ఒకేసారి)? ఫీల్డుల, అంటే ఆ సగం గీతల గుంపుల, వరుస ఏది? రంగులు ఏ లెక్కలో ఉన్నాయి? ఫ్రేము రేటు నిలకడగా ఉందా? రెండు పాసుల్లో చేయమంటారా? వీటి ఊసే రాదు. హెచ్‌డీ ఫైళ్లు నేరుగా లాగి పడేసి బర్న్ నొక్కితే డిస్కు వస్తుంది, ఆడుతుంది కూడా. నాణ్యత మాత్రం మూలం ఎలాంటిదన్న దాన్ని బట్టి అదృష్టం. 25పీలో (సెకనుకి 25 ప్రోగ్రెసివ్ ఫ్రేములు) తీసిన గంట వీడియోకి పెద్దగా తేడా కనిపించదు. 1080ఐ (ఇంటర్‌లేస్డ్ హెచ్‌డీ) క్యామ్‌కార్డర్ టేపుకో, ఫోన్ వీడియోకో బాగా తెలుస్తుంది.

అందుకని మా సలహా ఇది: డీవీడీకి సరిపోయే ఎంపెగ్-2 ఫైలుని ముందే బయట ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌తో తయారు చేసుకుని, డీవీడీస్టైలర్‌లో ఆ టైటిలు ప్రాపర్టీస్ తెరిచి, వీడియో రూపం దగ్గరా ఆడియో రూపం దగ్గరా ‘కాపీ’ పెట్టండి. అప్పుడది వీడియోని మళ్లీ ముట్టుకోదు, మెనూ తగిలించి డిస్కు కడుతుంది. కాపీ అని ఉందో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకోండి. మరచిపోతే ఎంపెగ్-2ని మళ్లీ ఎంపెగ్-2గా మారుస్తుంది. సమయం దండగ, నాణ్యత కూడా ఇంకో మెట్టు దిగుతుంది.

ఫైలు తయారీ

మొదట ఫైలు వివరాలు చూపించే మీడియాఇన్ఫోలో ఫైలు తెరవండి. చూడాల్సినవి నాలుగు: స్కాన్ రకం, ఫ్రేము రేటు, ఫ్రేము రేటు మోడు, కలర్ ప్రైమరీలు (రంగుల లెక్క). ఈ నాలుగూ తెలియకుండా ముందుకి వెళ్లడం చీకట్లో దారం ఎక్కించడమే.

ఇంటర్‌లేస్డ్ సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎక్కువ డిస్కులు పాడయ్యేది ఇక్కడే కాబట్టి. 1080ఐ ఫ్రేములో ఒక గీత ఒక క్షణానిది, దాని పక్క గీత సెకనులో 50వ వంతు తర్వాతది. 1080 గీతల్ని 576కి కుదించడమంటే పక్కపక్క గీతల్ని కలిపి సగటు తీయడమే. ఇంటర్‌లేస్డ్ ఫ్రేముని అలాగే కుదిస్తే రెండు వేర్వేరు క్షణాలు ఒకే గీతలో కలిసిపోతాయి. నిలబడ్డ మనిషికి ఏమీ కాదు. నడిచే మనిషి వెంట నీడలాంటి రెండో మనిషి కనిపిస్తాడు. ఒకసారి కలిశాక ఏ ప్లేయరూ, ఏ టీవీ, ఏ ఫిల్టరూ విడదీయలేవు.

సరైన వరుస ఇది. ముందు ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లోని బీడబ్ల్యూడిఫ్ (bwdif) ఫిల్టరుతో, సెండ్ ఫీల్డ్ మోడులో, ఒక్కో ఫీల్డుని నిండు ఫ్రేముగా మార్చాలి. సెకనుకి 25 ఫ్రేములు 50 అవుతాయి. తర్వాత 720×576కి కుదించాలి. ఆ తర్వాత ఇంటర్‌లేస్ ఫిల్టరుతో, టాప్ ఫీల్డ్ ఫస్ట్ పద్ధతిలో, లోపాస్ (సన్న అడ్డగీతల్ని మెత్తబరిచే సెట్టింగు) ఉంచి, మళ్లీ 25 ఇంటర్‌లేస్డ్ ఫ్రేములుగా అల్లాలి. ఎన్‌కోడర్‌కి (ఎంపెగ్-2 రాసే భాగానికి) ఇది ఇంటర్‌లేస్డ్ అని చెప్పే ఐఎల్‌డీసీటీ (ildct), ఐఎల్‌ఎమ్ఈ (ilme) ఫ్లాగులు రెండూ ఇవ్వాలి. ఇవి లేకపోతే ఎన్‌కోడర్ ప్రతి ఫ్రేముని ప్రోగ్రెసివ్ అనే రాసేస్తుంది. ప్లేయరూ ఆ మాట నమ్మి డీఇంటర్‌లేస్ చేయదు (ఫీల్డుల్ని నిండు ఫ్రేములుగా మార్చదు), దువ్వెన పళ్లు మళ్లీ ప్రత్యక్షం. లోపాస్ తీసేస్తే బొమ్మ పదునుగా కనిపిస్తుందని కొందరు తీసేస్తారు. కంప్యూటర్ మీద నిజమే, టీవీలో మాత్రం కిటికీ ఊచలూ మెట్లూ వణుకుతాయి.

డీఇంటర్‌లేస్ చేసి 25 ప్రోగ్రెసివ్‌గానే వదిలేస్తే ఏమవుతుంది అనొచ్చు. డిస్కు బాగానే ఆడుతుంది, కదలికలో నున్నదనం సగానికి పడిపోతుంది. కెమెరా అటూ ఇటూ తిప్పిన షాట్లలో గతుకులు తెలుస్తాయి. డీవీడీకి పిక్సెళ్లు తక్కువే గానీ సెకనుకి 50 ఫీల్డులు మోసే శక్తి ఉంది, ఉన్నదాన్ని వాడుకోకపోవడం దేనికి? 50పీలో తీసినవాళ్లు కూడా డీఇంటర్‌లేస్ మెట్టు ఒక్కటి వదిలేసి ఇదే దారిలో రావచ్చు. 25పీ అయితే ఈ గొడవేమీ లేదు. కుదించి, ప్రోగ్రెసివ్‌గానే రాయండి, ఇంటర్‌లేస్ ఫ్లాగులు ఇవ్వకండి.

ఫీల్డుల వరుస తారుమారైతే వచ్చే జబ్బు వేరు: కదిలేదంతా ముందుకి రెండడుగులు, వెనక్కి ఒకడుగు వేసినట్టు కొట్టుకుంటుంది. 1080ఐ టాప్ ఫీల్డ్ ఫస్ట్. పాత డీవీ టేపులు బాటమ్ ఫీల్డ్ ఫస్ట్. రెండూ కలిపి ఒకే డిస్కు చేసేవాళ్లు ఇక్కడే పప్పులో కాలేస్తారు.

ఫోన్ వీడియోకి ముందుండే చిక్కు ఫ్రేము రేటు. మీడియాఇన్ఫోలో మోడు వేరియబుల్ అని ఉంటే, ఫోను వెలుతురుని బట్టి ఫ్రేముల్ని పెంచుతూ తగ్గిస్తూ పోయిందన్నమాట. డీవీడీకి రేటు నిలకడగా ఉండాల్సిందే. మొదట్లో సరిగ్గా ఉండి పోనుపోను ఆడియో తప్పుకోవడానికి మొదట అనుమానించాల్సింది దీన్నే. ఫిల్టర్ల వరుస మొదట్లోనే ఎఫ్‌పీఎస్ ఫిల్టరు పెట్టి నిలకడ చేయండి. ఇక 30 ఫ్రేముల వీడియోని పాల్ 25లోకి దించితే ప్రతి ఆరింటిలో ఒక ఫ్రేము ఎగిరిపోతుంది, నడక కుంటుతుంది. 30, 60 ఫ్రేముల్లో తీసినదానికి ఎన్‌టీఎస్‌సీయే మేలు: 29.97కి దాదాపు అలాగే వస్తుంది, 60ని 59.94 ఇంటర్‌లేస్డ్ ఫీల్డులుగా అల్లొచ్చు. పాల్ ప్రాంతాల ప్లేయర్లలో చాలావరకు ఎన్‌టీఎస్‌సీ డిస్కుని ఆడిస్తాయి. ఎన్‌టీఎస్‌సీ ప్రాంతాల ప్లేయర్లు పాల్‌ని తరచూ తిప్పికొడతాయి. డిస్కు ఎవరింటికి వెళ్తుందో తెలిసి ఎంచుకోండి.

రంగులు. హెచ్‌డీ బీటీ.709 లెక్కలో, డీవీడీ బీటీ.601 లెక్కలో రంగుల్ని రాస్తాయి. మార్చకుండా దించితే ఎరుపు కాస్త వెలుగు తగ్గుతుంది, పచ్చగడ్డి అవసరానికి మించి వెలుగుతుంది. పక్కన మూలం పెట్టి చూస్తే తప్ప పట్టుబడదు, అందుకే చాలామంది దీన్ని డీవీడీ అంటే ఇంతే అని సరిపెట్టుకుంటారు. స్కేల్ ఫిల్టరులో ఇన్ కలర్ మ్యాట్రిక్స్ బీటీ709 అని, అవుట్ కలర్ మ్యాట్రిక్స్ బీటీ601 అని చెప్పి చేయించాలి. ఫుల్ రేంజిలో (నలుపు నుంచి తెలుపు దాకా టీవీ కొలత కంటే పెద్ద కొలతలో) రాసే ఫోన్లు, కెమెరాలు కొన్ని ఉన్నాయి. వాటికి అదే ఫిల్టరులో రేంజిని కూడా ఫుల్ నుంచి టీవీకి మార్చాలి, లేకపోతే నీడలు నల్లగా కూరుకుపోయి, తెల్లచొక్కా మడతలు మాయమవుతాయి. హెచ్‌డీఆర్‌లో (వెలుగునీడల తేడా మామూలుకంటే ఎక్కువ పట్టే రూపంలో) తీసిన ఫోన్ వీడియోకి ఇది చాలదు, జెడ్‌స్కేల్, టోన్‌మ్యాప్ ఫిల్టర్లతో మామూలు వీడియోగా దించాకే మిగతా పనులు. నేరుగా దించితే బొమ్మంతా బూడిద పూసినట్టుంటుంది.

కుదించే పద్ధతి గురించి ఫిల్టర్ల పేర్లు పట్టుకుని పోట్లాడుకుంటారు గానీ తేడా చిన్నది. లాంక్జోస్ పదునుగా ఉంటుంది, గట్టి అంచుల చుట్టూ సన్నటి తెల్ల గీత రావచ్చు. బైక్యూబిక్ కొంచెం మెత్తన. ఇంటర్‌లేస్డ్‌కి బైక్యూబిక్, ప్రోగ్రెసివ్‌కి లాంక్జోస్ మా ఎంపిక. పైన మళ్లీ షార్పెన్ వేయకండి, క్యామ్‌కార్డర్లు వేయాల్సిన దానికంటే ఎక్కువే వేసి పంపిస్తాయి. తక్కువ వెలుతురులో తీసినదానికి మాత్రం గింజల్ని (నాయిస్‌ని) తగ్గించడం లాభం. ఎన్‌కోడర్‌కి గింజా, గడ్డీ ఒకటే, రెండింటికీ బిట్లు పోస్తుంది. హెచ్‌క్యూడీఎన్3డీ ఫిల్టరు డిఫాల్టు 4తో మొదలవుతుంది, డీవీడీకి అది ఎక్కువ. 1.5 నుంచి 2 చాలు. కుదించాక, మళ్లీ ఇంటర్‌లేస్ చేయకముందు పెట్టండి.

బిట్‌రేటు లెక్క

4.7 జీబీ డిస్కు అంటే 470 కోట్ల బైట్లు. కంప్యూటరు దాన్నే 4.37 అని చూపిస్తుంది, కంగారు పడకండి. బిట్లలో 37,600 మెగాబిట్లు. మెనూలకీ, ప్యాకింగుకీ నాలుగు శాతం తీసేస్తే 36,000 మిగులుతుంది. దాన్ని వీడియో సెకన్లతో భాగిస్తే మీ మొత్తం బిట్‌రేటు. 90 నిమిషాలకి 6.67, ఆడియోకి 0.224 పోను వీడియోకి సుమారు 6.4 మెగాబిట్లు. రెండు గంటలకి 5.0, వీడియోకి 4.8. మూడు గంటలకి 3.33, వీడియోకి 3.1.

డీవీడీ నియమం ప్రకారం వీడియో 9.8, మొత్తం 10.08 మెగాబిట్లు దాటకూడదు. నియమం అది. బర్న్ చేసిన డిస్కుల మీద పాత ప్లేయర్లు ఆ అంచు దగ్గర తడబడతాయి. గంట వీడియోకి లెక్క పది చూపించినా గరిష్ఠం 8 నుంచి 8.5 దగ్గర ఆపేయండి, మిగిలిన చోటు ఖాళీగా ఉంటే నష్టమేమీ లేదు. ఆడియో ఏసీ-3 (కుదించిన రూపం), 48 కిలోహెర్ట్‌జ్, స్టీరియోకి 192 లేదా 224 కిలోబిట్లు. కుదించని ఎల్‌పీసీఎం స్టీరియో 1,536 కిలోబిట్లు మింగుతుంది. సంగీత కచేరీ అయితే తప్ప ఆ బిట్లు బొమ్మకే ఇవ్వండి.

ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో టార్గెట్ పాల్-డీవీడీ అని ఇస్తే సైజు, జీఓపీ, బఫరు, మక్స్ రేటు అన్నీ నియమానికి తగ్గట్టు అదే పెట్టేస్తుంది. డీవీడీఆథర్‌కి కావలసిన నావిగేషన్ ప్యాకెట్లు కూడా ఆ రూపంలోనే వస్తాయి. కాకపోతే వీడియో 6,000, ఆడియో 448 కిలోబిట్లు అనేది దాని డిఫాల్టు. రెండు గంటల వీడియో ఆ లెక్కన 5.8 జీబీ అవుతుంది, డిస్కులో పట్టదు. టార్గెట్ ఇచ్చి, దాని తర్వాత మన బిట్‌రేటు, మన ఆడియో రేటు రాయాలి. రెండు పాసులు తప్పనిసరి. మొదటి పాసులో ఏ సీను ఎంత కష్టమో కొలుస్తుంది, రెండోదాంట్లో మాట్లాడుతున్న మొహం దగ్గర బిట్లు మిగిల్చి గడ్డి, నీళ్లు, జనసమ్మర్దం ఉన్నచోట ఖర్చు పెడుతుంది. 6 మెగాబిట్లు పైన ఉంటే డీసీ ప్రెసిషన్ 10 పెట్టండి, ఆకాశంలో మెట్లు మెట్లుగా కనిపించే రంగు పట్టీలు తగ్గుతాయి.

3.5 మెగాబిట్ల కిందికి వచ్చారంటే ఆగి ఆలోచించాలి. మూడు గంటల్ని ఒక డిస్కులో కుక్కడం కంటే రెండు డిస్కులు చేయడం మేలు. ఒకే డిస్కు కావాల్సిందే అంటే వెడల్పు 352కి తగ్గించి 352×576లో చేయండి, అదీ డీవీడీ ఒప్పుకునే సైజే, కాకపోతే నియమం ప్రకారం 4:3కి మాత్రమే. బొమ్మ మెత్తబడుతుంది, గళ్లు మాత్రం లేవవు. మెత్తటి బొమ్మని కన్ను క్షమిస్తుంది, గళ్లని క్షమించదు. 8.5 జీబీ డ్యూయల్ లేయర్ డిస్కుకి రెండు గంటలూ గరిష్ఠం దగ్గరే పడతాయి, కానీ పాత ప్లేయర్లకి లేయరు మారేచోట నత్తి రావచ్చు, కొన్నయితే ఆ డిస్కునే చదవవు.

డిస్కు, ప్రత్యామ్నాయాలు

డీవీడీస్టైలర్ నేరుగా బర్న్ చేయగలదు. అయినా ఐఎస్ఓ ఇమేజ్ (డిస్కంతా ఒకే ఫైలుగా) చేయించుకోవడమే మంచిది. దాన్ని ముందు వీఎల్‌సీలో తెరిచి మెనూ బటన్లు, చాప్టర్లు సరిచూసుకోవచ్చు, తర్వాత విండోస్‌లో ఇమ్‌జ్‌బర్న్‌తో 4ఎక్స్ లేదా 8ఎక్స్ వేగంలో రాసి, వెరిఫై టిక్కు ఉంచొచ్చు. ఇమ్‌జ్‌బర్న్ 2.5.8.0 తర్వాత, అంటే 2013 తర్వాత, కొత్త వెర్షన్ లేదు. చేయాల్సిన పని మారలేదు కాబట్టి ఇబ్బందీ లేదు. పాత ప్లేయర్లున్న ఇంటికి పంపేట్టయితే డీవీడీ-ఆర్ వాడండి. కాగితం లేబుళ్లు అతికించకండి, అంచు లేస్తే డిస్కు ఊగుతుంది, చివరి చాప్టర్లలో ఆగి ఆగి ఆడుతుంది.

విండోస్ మీద 1080ఐ తరచూ దించేవాళ్లకి, కమాండ్ లైన్ అంటే గిట్టనివాళ్లకి ఏవీఎస్‌టుడీవీడీ ఇంతకన్నా నప్పుతుంది. ఫిల్టర్లకి ఏవీసింత్‌ని, ఎంపెగ్-2 ఎన్‌కోడర్‌గా హెచ్‌సీఎన్‌క్‌ని వెనక పెట్టుకుని పనిచేస్తుంది. నాలుగయిదు మెగాబిట్ల దగ్గర హెచ్‌సీఎన్‌క్ బొమ్మ ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ బొమ్మకంటే కుదురుగా ఉంటుందన్నది మా అభిప్రాయం. మెనూల అందంలో మాత్రం డీవీడీస్టైలర్ ముందు తేలిపోతుంది. డీవీడీ ఫ్లిక్‌ని ఇంకా సిఫార్సు చేసేవాళ్లున్నారు. దాని చివరి వెర్షన్ 2009లోది, ఇప్పటి ఫోన్లు చాలా వాడే హెచ్.265 వీడియో ప్రమాణం వచ్చింది 2013లో. ఇప్పటి ఫోన్ ఫైళ్లు దానికి అర్థం కావు. అడోబీ వాళ్ల డీవీడీ ప్రోగ్రాం ఎన్‌కోర్ సీఎస్6తో ఆగిపోయింది. హ్యాండ్‌బ్రేక్ మంచి పనిముట్టే గానీ డీవీడీ నుంచి ఫైలు తీస్తుంది, ఫైలు నుంచి డీవీడీ కట్టదు. ఈ రెండో పనికి దాన్ని దింపుకుని గంటల తరబడి మెనూ వెతికేవాళ్లు తక్కువేం కాదు.

చూసేవాళ్లింట్లో బ్లూరే ప్లేయరుంటే ఈ కుదింపు అంతా అక్కర్లేకపోవచ్చు. అదే 4.7 జీబీ డిస్కు మీద ఏవీసీహెచ్‌డీ రూపంలో హెచ్‌డీని హెచ్‌డీగానే రాయొచ్చు. 17 మెగాబిట్ల లెక్కన 35 నిమిషాల పైన పడుతుంది. చాలా బ్లూరే ప్లేయర్లు దాన్ని ఆడిస్తాయి, మామూలు డీవీడీ ప్లేయరు ఆడించదు.

పూర్తి నిడివి ఎన్‌కోడ్ చేయకముందే ఒక నిమిషం ముక్క ఎంచుకోండి. అందులో కెమెరా తిరగాలి, ఎరుపు ఉండాలి, ఎవరో ఒకరు దగ్గరగా మాట్లాడుతూ ఉండాలి. డీవీడీ-ఆర్‌డబ్ల్యూ మీద రాసి, అసలు ప్లేయరులో, అసలు టీవీలో చూడండి. కంప్యూటరులో వీఎల్‌సీ దానంతటదే డీఇంటర్‌లేస్ చేసి తప్పుల్ని దాచేయొచ్చు. కదలిక కొట్టుకుంటే ఫీల్డుల వరుస, నీడలు పడితే కుదించిన వరుస, ఎరుపు తేడాగా ఉంటే మ్యాట్రిక్స్. ఆడియో జరుగుబాటు మాత్రం నిమిషం ముక్కలో తెలియదు. దానికి మొత్తం ఫైలు చివరి రెండు నిమిషాలు చూడాల్సిందే.